లెఫ్టు బాబాయి కుడివైపు

మనుషులకు పేరు చదువు వల్లో, ఆస్తి వల్లో, పోనీ మంచి గొంతు వల్లో వస్తుంది. నాకు నా ఎడమ ఊపిరితిత్తి అడుగుభాగం వల్ల వచ్చింది. మిగతా శరీరంలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

నేను పుస్తకాలు బైండు చేస్తాను. మెడికల్ కాలేజీ వెనక గేటుకి ఎదురుగా నా కొట్టు. పదడుగుల గది. ఒక మూల ఇనప ప్రెస్సు, ఒక మూల కాగితాలు కోసే మిషను, మధ్యలో పొడుగు బల్ల, బల్ల కింద జిగురు డబ్బాలు, మిగిలిన చోట్లో నేనూ మా ఆవిడా. కాగితాలు మడిచి కుట్టేది ఆవిడ. జిగురు పూసి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించేది నేను. బోర్డు మీద పేరు మాత్రం నాది ఒక్కడిదే. ఇద్దరి పేర్లూ పట్టేంత బోర్డు దొరకలేదని అప్పట్లో చెప్పాను. ఆవిడ నమ్మినట్టు ఊరుకుంది.

జిగురు ఆరిందో లేదో చూడటానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. వేలు మడిచి పుస్తకం వీపు మీద కొడతాం. ఆరితే టక్కుమంటుంది. లోపల తడి ఉంటే దబ్బుమని అక్కడే చచ్చిపోతుంది ఆ చప్పుడు. పైకి ఎంత పొడిగా కనిపించినా సరే, వేలికి తెలిసిపోతుంది. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. ఆ నమ్మకం సంగతి ముందు ముందు మీరే చూస్తారు.

చిన్నప్పుడు నాకు నిమోనియా వచ్చి తగ్గిందట. తగ్గుతూ తగ్గుతూ ఎడమ ఊపిరితిత్తి అడుగున గాలిగొట్టాలను వదులు చేసి పోయింది. అక్కడ కఫం నిలవ ఉంటుంది. పొద్దున్నే దగ్గి దగ్గి చిన్న గ్లాసెడు బయటికి తెచ్చుకుంటే తప్ప నాకు తెల్లవారదు. ఇరవై రెండేళ్ల కిందట ఒక రోజు రికార్డు పుస్తకాల కట్ట మోసుకుంటూ ఛాతీ జబ్బుల వార్డు మెట్లెక్కుతుంటే ఆ దగ్గే వచ్చింది. పైనుంచి దిగుతున్న ప్రొఫెసరు ఒకాయన ఆగిపోయి, పాట వింటున్నవాడిలా తల పక్కకి వాల్చాడు.

"ఏదీ, మళ్లీ దగ్గండి" అన్నాడు. దగ్గాను. "చొక్కా విప్పండి" అన్నాడు. మెట్ల మీదే విప్పాను. పావుగంటలో పన్నెండుమంది విద్యార్థులు నా వీపు వెనక వరసలో నిలబడ్డారు. నాకోసం ఒక వరస ఏర్పడటం జీవితంలో అదే మొదటిసారి. పెళ్లిలో కూడా జనం భోజనాల దగ్గరే నిలబడ్డారు.

అప్పట్నుంచి ఏడాదికి రెండుసార్లు డాక్టరు పరీక్షలు జరిగినప్పుడల్లా నాకు పిలుపు వస్తుంది. ఆ పరీక్షలో ఒక్కో విద్యార్థికి ఒక్కో రోగిని అప్పగిస్తారు. విద్యార్థి వివరాలు అడిగి, చూసి, తట్టి, విని, ఈ మనిషికి ఏముందో పరీక్షకుడికి చెప్పాలి. రోగి తన జబ్బు పేరు చెప్పకూడదన్నది నియమం. అందుకే మేం దాన్ని గుసగుసగా చెబుతాం. నా పద్ధతి వేరు. గొంతు సవరించుకుంటున్నట్టు నటిస్తూ, "ఎడమ, అడుగున, బుడబుడ" అంటాను. అప్పటికీ అర్థం కాని మొద్దు ఎవరైనా ఉంటే, స్టెతస్కోపు సరైన చోటుకి రాగానే కళ్లు గట్టిగా మూసి తెరుస్తాను. గోళ్లు చూడటం మరిచిపోతే చేతులు చాచి పెడతాను. నా వేళ్ల చివర్లు గుండ్రంగా ఉబ్బి ఉంటాయి. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చీము కఫం ఉన్నవాళ్లకి అలా అవుతాయి. ఆ గుర్తు వల్లే కొందరు పాసయ్యారు. ఇలా ఇరవై రెండేళ్లలో ఎంతమంది డాక్టర్లను తయారుచేశానో లెక్క లేదు. వాళ్లంతా నన్ను లెఫ్టు బాబాయి అంటారు. ఎదురుగా కూడా అంటారు. నాకు ఆనందమే.

అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఏటా అవే జవాబులు పక్క మంచాల నుంచి వినీ వినీ నాకు సగం వైద్యం నోటికొచ్చేసింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు నేనూ వీధిలో ప్రాక్టీసు మొదలెట్టాను. పక్క కొట్లో దర్జీకి తెల్లవారుజామున దగ్గు, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. "నీది ఉబ్బసం, ఆ గుడ్డల దుమ్ముకి దూరంగా ఉండు, వెళ్లి చూపించుకో" అన్నాను. నిజంగా ఉబ్బసమే. టీకొట్టు ఆయనకి బరువెత్తితే ఛాతీ మధ్యలో ఎవరో కూర్చున్నట్టు నొక్కేస్తోందట, దవడ లాగుతోందట, కాసేపు నిలబడితే తగ్గుతోందట. "అది గ్యాసు కాదు, గుండె. ఇప్పుడే పద" అని చేయి పట్టుకుని లాక్కెళ్లాను. అదీ నిజమే అయింది. ఆ రెండూ నిజమయ్యాక నాకు పట్టపగ్గాల్లేవు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాణ్ణి: రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రంపూట కాసే జ్వరం, కారణం లేకుండా తగ్గే బరువు. ఈ మూడింట్లో ఏది కనిపించినా పరీక్ష చేయించుకోవాలి, నవ్వుతూ తిరగకూడదు. వేళ్లు మడిచి మరీ చెప్పేవాణ్ణి. ఆ ఉబ్బిన వేళ్లే.

ఆ ఏడు, పరీక్షలు ఇంకా ఏడు వారాలున్నాయనగా, నాకు కుడి డొక్కలో పోటు మొదలైంది. గట్టిగా ఊపిరి తీసినా, తుమ్మినా, నవ్వినా కత్తితో పొడిచినట్టు. దగ్గడానికి భయపడి సగం దగ్గి ఆపేసేవాణ్ణి. నేను వెంటనే రోగనిర్ణయం చేశాను: ప్రెస్సు పిడి తిప్పినప్పుడు పట్టిన పట్టు.

"ఒకసారి వెళ్లి చూపించుకోరాదూ" అంది మా ఆవిడ, దారం నోట్లో పెట్టుకుని సూదిలోకి ఎక్కిస్తూ.

"నన్ను చూడటానికి ఆసుపత్రివాళ్లే కబురంపుతారు. నేను వెళ్లి చూపించుకోవడమేంటే?"

ఆవిడ దారం ఎక్కించింది.

పరీక్షల ముందు విద్యార్థులు నా కొట్టుకే వచ్చి సాధన చేస్తుంటారు. స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, ఒకరి తర్వాత ఒకరు వింటారు. నేను ఆ కాస్త సేపట్లో రెండు అట్టలకి జిగురు కూడా పూసేస్తాను. ఆ వారం వచ్చిన నలుగురిలో ఒక అమ్మాయి ఉంది. నాకు ముందే తెలుసు. ఆమె రికార్డు పుస్తకాన్ని నేను మూడుసార్లు బైండు చేశాను. పరీక్ష తప్పినప్పుడల్లా మూలలు అరిగిన అదే పుస్తకాన్ని తెచ్చేది. రెండుసార్లు తప్పింది. చదవక కాదు. తెలిసిన జవాబే చెప్పేదట, పరీక్షకుడు కనుబొమలు ఎగరేసి "నిజంగానా?" అనగానే మాట మార్చేసేదట. మా ఆవిడతో ఆమే చెప్పింది. మూడోసారి కూడా తప్పితే వాళ్ల నాన్న, చదివింది చాలు, వచ్చి మన మేకుల కొట్లో కూర్చో అని తేల్చేశాడట. మేకులూ బోల్టులూ తూచి అమ్మే కొట్టు.

మిగతా ముగ్గురూ తిన్నగా నా ఎడమవైపుకే వెళ్లారు, అలవాటైన గుర్రాల్లా. ఈ అమ్మాయి మాత్రం కుడివైపు మొదలుపెట్టింది. పైన విన్నది, మధ్యలో విన్నది, కింద ఆగిపోయింది.

"బాబాయ్, ఇక్కడ ఏదో రాసుకుంటున్నట్టుంది. ఊపిరి తీసినప్పుడల్లా, కొత్త చెప్పు కిర్రుమన్నట్టు. నొప్పేమైనా ఉందా?"

నేను నవ్వాను. నవ్వితే పొడిచింది. డొక్క పట్టుకుని మరీ నవ్వాను.

"ఇరవై రెండేళ్లుగా ఊరూవాడా ఎడమవైపు వింటుంటే నీకు కుడివైపు వినిపించిందా తల్లీ! ఇదిగో, ఈమె కుడి డాక్టరమ్మ" అన్నాను మిగతావాళ్లతో. వాళ్లూ నవ్వారు. ఆమె మొహం ఎర్రబడింది. స్టెతస్కోపు మెడలోకి లాక్కుని, "అవునేమో బాబాయ్. నాకే అలా అనిపించిందేమో" అంది.

నవ్వనిది మా ఆవిడ ఒక్కతే. కుట్టడం ఆపి ఆ అమ్మాయి వంక చూసింది.

వారం తిరక్కుండానే పోటు పోయింది. పూర్తిగా, చేత్తో తీసేసినట్టు. వేణ్ణీళ్ల కాపడం నా స్వంత వైద్యం కాబట్టి ఘనత అంతా నాకే ఇచ్చుకున్నాను. దర్జీని పిలిచి, ఆ డాక్టరమ్మ కిర్రుచెప్పుల కథ చెప్పి మళ్లీ నవ్వాను. ఈసారి నొప్పి లేదు గానీ, నవ్వు మధ్యలో ఆయాసమొచ్చింది.

ఆ తర్వాత జరిగినవాటికి నేను చెప్పుకున్న కారణాలు వింటే మీకు జాలేస్తుంది. మేడమెట్లు ఎక్కితే రొప్పు: మెట్లు కట్టినవాడు ఎత్తు ఎక్కువ పెట్టాడు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడటం: కొట్టుకి పడమటి ఎండ తగులుతుంది. ప్యాంటు జారిపోవడం: బెల్టు తోలు సాగింది. పుస్తకాలకి కన్నాలు పొడిచే దబ్బనంతోనే బెల్టుకి ఒక కన్నం పొడుచుకున్నాను. పది రోజుల తర్వాత ఇంకొకటి. వరసగా, సమానమైన దూరంలో, చక్కగా వచ్చాయి. నా పనితనానికి మురిసిపోయాను కూడా. వీధిలో ఎవరి బెల్టుకైనా ఆ రెండు కన్నాలు కనిపించి ఉంటే వాణ్ణి చొక్కా పట్టుకుని ఎక్స్‌రేకి ఈడ్చుకుపోయేవాణ్ణి. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నాకు మాత్రం తెలిసే అవకాశం రోజుకి నాలుగుసార్లు వచ్చింది.

దగ్గా? దగ్గు నాకు పుట్టుకతో వచ్చినంత పాతది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఆ రోజుల్లోనే మా ఆవిడ నాతో మాటలు తగ్గించింది. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. బల్లకి అటు చివర కూర్చుని కుట్టుకునేది. నేనేం తప్పు చేశానో తెలియలేదు. అడిగితే జాబితా చదువుతుందేమోనని అడగలేదు.

పరీక్ష రోజు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, ఎలాగూ విప్పేదే అయినా. వార్డు రెండో అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఆగి నోటీసు బోర్డు చదివాను. పై మలుపులో ఇంకో బోర్డు చదివాను. ఎవరిదో నల్ల గొడుగు పోయిందట, దొరికినవారు దయచేసి ఇవ్వాలట. ఆ గొడుగు గురించి మూడుసార్లు చదివాక గానీ నా ఊపిరి దారికి రాలేదు. వెనక సంచితో వస్తున్న మా ఆవిడ నాతోపాటు ఆగింది, నాతోపాటు కదిలింది.

"చిక్కిపోయారేంటి బాబాయ్?" అంది వార్డు సిస్టరు.

"పరీక్షల ముందు కాస్త అందంగా ఉండాలి కదా సిస్టర్."

మా ఆవిణ్ణి బయట బెంచీ మీద కూర్చోమన్నారు. నాకు నాలుగో నెంబరు మంచం, చుట్టూ ఆకుపచ్చ తెర. పొద్దున మొదట వచ్చిన కుర్రాడు స్టెతస్కోపు చెవులకి పెట్టుకోకుండానే నా గుసగుస రాసేసుకుని, "థాంక్స్ బాబాయ్" అని, పరీక్షకుడికి అప్పజెప్పి, పాసయినంత ధైర్యంగా వెళ్లిపోయాడు. రెండోసారి తెర పక్కకి జరిగితే ఆ అమ్మాయి. కుడి డాక్టరమ్మ. నన్ను చూడగానే ఆమె మొహంలో రక్తం లేదు.

నాకు జాలేసింది. నిజంగానే. పాపం మూడోసారి, మేకుల కొట్టు ఎదురు చూస్తోంది, ఈ పిల్లని నేనే గట్టెక్కించాలి అనుకున్నాను. గొంతు సవరించాను. "ఎడమ, అడు..."

"బాబాయ్, దయచేసి మీరేం చెప్పకండి" అంది. మాట గట్టిగానే ఉంది. "నేను అడిగినవాటికే చెప్పండి."

ఇంత ఉపకారాన్ని కాదన్నవాళ్లు ఈ ఇరవై రెండేళ్లలో ఎవరూ లేరు. నాకు ఒళ్లు మండింది. పుల్లవిరుపుగా జవాబులు ఇవ్వడం మొదలెట్టాను.

"ఆ నొప్పి ఏమైంది?"

"పోయింది. నేనే పోగొట్టాను."

"నొప్పి పోయాక ఆయాసం వచ్చిందా?"

"వయసు వచ్చింది."

"పడుకునేటప్పుడు ఎటు తిరిగి పడుకుంటున్నారు?"

"ఎటు పడుకుంటే ఏం? కుడివైపు."

"ముందు నుంచీ అంతేనా?"

ఆలోచించాను. కాదు. ఎడమవైపు పడుకునేవాణ్ణి. ఎప్పుడు మారానో గుర్తు రాలేదు. ఆమె ఏదో రాసుకుంది. తర్వాత ఆమె చూపు నా బెల్టు మీద ఆగింది.

"ఈ రెండు కన్నాలు కొత్తవి."

"తోలు సాగింది."

ఆమె నా వంక చూసింది. కూర్చోబెట్టి, వీపు వైపు వచ్చి, తట్టింది, విన్నది, మళ్లీ తట్టింది. నేను కోపంతో కిటికీలోంచి పావురాన్ని చూస్తున్నాను. ఏదీ చెవిన వేసుకోలేదు.

తెర జరిపి పరీక్షకుడు వచ్చాడు. పెద్ద డాక్టరు. ఒకప్పుడు ఆయన కూడా నా వీపు మీద పాసైనవాడే. అప్పుడు మీసం కూడా సరిగా లేదు.

"ఓహో, మన లెఫ్టు బాబాయే! ఇంకేం అమ్మా, పాసైనట్టే. చెప్పు."

ఆమె కాగితం చూడకుండా చెప్పింది. "ఎడమవైపు అడుగున పాత జబ్బు ఉంది సార్. కానీ ఆయన ఇప్పటి ఇబ్బంది దానివల్ల కాదు. కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. కనీసం నెల రోజుల నుంచి ఉండొచ్చు."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "కుడివైపా? నిజంగానా?"

ఆ మాటతోనే ఆమె రెండుసార్లు తప్పింది. ఆమె పెదవి తడుపుకుని, "అవును సార్" అంది.

ఆయన గడియారం చూసుకున్నాడు. ఇంకా పదిమంది విద్యార్థులున్నారు. నా ఛాతీ ఆయనకి తెలిసిన ఛాతీ, కొత్తగా వినాల్సిందేముంది? నా వైపు తిరిగి నవ్వుతూ, "ఏం బాబాయ్, కుడివైపు ఏమైనా ఉందా?" అన్నాడు.

ఇక్కడ నేను చేసిన పని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ అది వదిలేస్తే మిగతాదంతా దేనికి రాసినట్టు?

"నా ఛాతీ నాకు తెలీదా సార్? ఎడమే. అమ్మాయి కంగారు పడుతోంది. పాపం మూడోసారి రాస్తోంది కదా" అన్నాను.

ఆమె మెడ దాకా ఎర్రబడింది. పరీక్షకుడు మార్కుల కాగితం మీదికి వంగాడు. ఇప్పుడు 'అవునేమో' అంటుంది, ఆరోజు నా కొట్లో అన్నట్టే అంటుంది అనుకున్నాను.

"నేను మళ్లీ తట్టి చూపిస్తాను సార్. ఒక్కసారి" అంది.

ఆయన తలూపాడు. ఆమె నా వీపు మీద ఎడమ చేతి వేలు ఆనించి, కుడి చేతి వేలితో దాని మీద కొట్టింది. ముందు ఎడమవైపు. టక్. ఇంకాస్త కింద. టక్. తర్వాత కుడివైపు, పైన. టక్.

కుడివైపు, కింద.

దబ్.

ఇంకాస్త కింద. దబ్.

ముప్ఫై ఏళ్లుగా రోజూ వింటున్న చప్పుడు అది. నిద్రలో వినిపించినా చెప్పగలను. అట్ట పొడిగా ఉంది, బయట అంతా చక్కగా ఉంది, లోపల తడి. అలాంటి పుస్తకాన్ని ప్రెస్సులోంచి తీసి ఎవరి చేతికైనా ఇస్తే నన్ను నేను క్షమించుకోను. పెద్ద డాక్టరు మంచం అవతల నిలబడ్డాడు, ఆయనకి వినిపించిందో లేదో తెలియదు. నాకు మాత్రం బయటి నుంచీ లోపలి నుంచీ కూడా వినిపించింది. భయమేసింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. ఆయన కలం మూత తీశాడు.

"సార్" అన్నాను. "తడి ఉంది."

"ఏంటి బాబాయ్?"

"అమ్మాయి చెప్పిందే నిజం సార్. లోపల ఆరలేదు. నేను అబద్ధం... అబద్ధం కాదు, నాకు తెలీదు. నాకు ఏమీ తెలీదు. మీరే ఒకసారి కొట్టి చూడండి."

ఆయన కలం జేబులో పెట్టి నా వెనక్కి వచ్చాడు. తట్టాడు. ఇంకోసారి తట్టాడు. స్టెతస్కోపు పెట్టి, "ఒకటి, ఒకటి, ఒకటి అంటూ ఉండండి" అన్నాడు. అంటూ ఉన్నాను. ఎడమవైపు విని, కుడివైపు విని, మళ్లీ ఎడమకి వెళ్లాడు. తర్వాత స్టెతస్కోపు చెవుల్లోంచి తీసి చేతిలో మడిచి పట్టుకున్నాడు.

"పదేళ్లుగా ఈయన మంచం దగ్గర మార్కులు వేస్తున్నాను" అన్నాడు ఆ అమ్మాయితో. "కుడివైపు చివరిసారి ఎప్పుడు విన్నానో గుర్తులేదు." సిస్టరుని పిలిచాడు. "ఈయన్ని ఇంటికి పంపకండి. ముందు ఎక్స్‌రే."

ఆమెని "నువ్వు వెళ్లొచ్చమ్మా" అన్నాడు. పాసో కాదో చెప్పలేదు. ఆమె నా వంక చూడకుండా పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. నా చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం పక్కటెముకల మధ్య సూది గుచ్చి నీరు తీశారు. లీటరుకి కాస్త తక్కువ. పాత కాగితం రంగు. సిస్టరు సీసా ఎత్తి చూపిస్తే, అంత తడి లోపల పెట్టుకుని నేను ఊళ్లోవాళ్ల దగ్గులకి తీర్పులు చెప్పానా అనిపించింది. తర్వాత పరీక్షల్లో అది క్షయ అని తేలింది. సాయంత్రం జ్వరం, తగ్గే బరువు అని నేను వేళ్లు మడిచి చెప్పే పాఠమే. ఆరు నెలలు మాత్రలు వేసుకుంటే నయమవుతుందన్నారు. నెలల తరబడి అలాగే తిరిగి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పారు. అది మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నదని తర్వాత తెలిసింది.

మర్నాడు పన్నెండు గంటలప్పుడు ఆ అమ్మాయి వార్డుకి వచ్చింది. ఈసారి తెల్ల కోటు లేదు. మంచం దగ్గర ఎటు నిలబడాలో తెలియక కుడివైపే నిలబడింది. ఎడమవైపు స్టూలు మీద మా ఆవిడ ఉంది.

"ఎలా ఉంది బాబాయ్?"

"గాలి ఇంత తేలిగ్గా ఉంటుందని మర్చిపోయాను" అన్నాను. తర్వాత చెప్పాల్సింది చెప్పేశాను, ఇంకాసేపు ఆగితే చెప్పలేనని. "ఆరు వారాల కిందటే నువ్వు పట్టుకున్నావు తల్లీ. నేను నలుగురిలో నవ్వాను. నిన్న నీ పరీక్షే పోగొట్టబోయాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

"ఆరోజు నేను అవునేమో అన్నాను కదా బాబాయ్" అంది ఆమె. "అనకుండా ఉండాల్సింది. వినిపించింది వినిపించిందని చెప్పి, ఎక్స్‌రేకి పంపి ఉండాల్సింది. ఇంటికెళ్లాక కూడా ఆ కిర్రు చప్పుడు చెవుల్లో ఉంది. మీరు నవ్వారని వదిలేశాను."

తప్పులో సగం ఆమె తీసేసుకుంటుంటే వినలేకపోయాను. దగ్గుతో సర్దేశాను. ఈ దగ్గు అన్నిటికీ పనికొస్తుంది. సిస్టరు అటుగా వెళ్తూ, "లిస్టు పెట్టారు, చూశారా? ఈ అమ్మాయి పాసు" అని కేకేసింది. ఆమె చూసే వచ్చిందట. ఆ సంగతి చెప్పకుండా ముందు నా ఆయాసం గురించి అడిగింది. దాంతో నా సిగ్గు ఇంకో కన్నం బిగిసింది.

వెళ్లబోతూ ఆగి, మా ఆవిణ్ణి అడిగింది. "పిన్నీ, కేసు షీట్‌లో రాయాలి. బాబాయికి గుర్తు రాలేదు. ఈయన కుడివైపు తిరిగి పడుకోవడం ఎప్పుడు మొదలైందో మీకేమైనా తెలుసా?"

"ఐదు వారాలు" అంది మా ఆవిడ వెంటనే. "ఐదు వారాల మూడు రోజులు."

"అంత కచ్చితంగా ఎలా గుర్తుంది పిన్నీ?"

మా ఆవిడ సంచి పట్టీ సర్దుకుంది.

"మా మంచానికి కుడివైపు గోడమ్మా. ఎడమవైపు నేను. ఐదు వారాలుగా నాకు ఈయన వీపే. నా మీద అలిగి గోడకేసి తిరిగి పడుకుంటున్నారనుకున్నాను. ఏమన్నానా, ఏమన్నానా అని రోజూ కుట్టుకుంటూ వెతుక్కునేదాన్ని. ఏమీ దొరకలేదు. అడిగితే ఇంకా కోపమొస్తుందేమోనని అడగలేదు."

ఆ అమ్మాయి మెల్లగా, నీరున్న వైపుని కిందికి పెట్టి పడుకుంటే నీరు లేని ఊపిరితిత్తికి గాలి బాగా ఆడుతుందని, మనిషికి తెలియకుండానే ఒళ్లు అటు తిరిగిపోతుందని చెప్పింది. కోపం కాదు పిన్నీ, ఒంటి అవసరం అంది. మా ఆవిడ తలూపింది. ఆమె వెళ్లిపోయాక కూడా తలూపుతూనే ఉంది.

ఆవిడ మాటలు తగ్గించింది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఒకే మంచం మీద ఇద్దరం చెరో తప్పు రోగనిర్ణయం చేసుకుని ఐదు వారాలు గడిపాం. నాది బెల్టు తోలు. ఆవిడది నా అలక. ఆవిడ తప్పుకి మాత్రం నేనే కారణం.

"నిజంగా అలగలేదా?" అంది మా ఆవిడ.

"లేదే."

"ఒట్టు?"

"కావాలంటే తట్టి చూసుకో" అన్నాను.

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో మొహం తిప్పేసుకుంది. సూది గుచ్చిన చోట కట్టు లాగుతోంది. నేను రెండు చేతులూ మంచానికి ఆనించి, మెల్లగా, ఒక్కో అంగుళం చొప్పున, ఎడమవైపుకి తిరిగి పడుకున్నాను. ఊపిరి ఆడింది. మా ఆవిడ మొహం తిప్పుకునే ఉంది. ఎప్పుడు ఇటు చూస్తుందా అని నేను అలాగే చూస్తూ ఉన్నాను.